గువ్వ ఆగిన చోట

“తలుపు తియ్యవే గువ్వా! టీ చల్లారిపోతోంది.”

లోపలి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“టీ వద్దా? పోనీ పాలు...” అని తనే అడిగి, “వద్దులే, పాలు నీకు పడవు” అని తనే జవాబు చెప్పుకుని, అత్తగారు గ్లాసుతో తలుపు ముందే నిలబడిపోయారు.

ఆవిడ రైల్వే టికెట్ల కౌంటరులో పనిచేసి రిటైరైన మనిషి. అవతలివాళ్ళు ఊరి పేరు సగం పలికేలోపే టికెట్టు చేతిలో పెట్టేవారు. కౌంటరు వదిలినా ఆ అలవాటు ఆవిణ్ణి వదల్లేదు. ఇంట్లో ఎవరు ఏ మాట మొదలుపెట్టినా పూర్తి చేసేది ఆవిడే. అందులోనూ కూతురు గువ్వ మాటలు మరీ ఎక్కువ. ఎందుకంటే గువ్వకి నత్తి.

కొత్త కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆమెకి అన్నీ ముచ్చటే. మొగుడు నిద్రలో నవ్వితే ముచ్చట. బాల్కనీ తాడు మీద తన మేజోళ్ళ పక్కన అతని మేజోళ్ళు ఆరుతుంటే ముచ్చట. ఈ ఇంట్లో కూడా తలుపులు ధడేలున మూసుకుంటాయని ఇవాళే తెలిసింది.

“నేనేం పాపం చేశానమ్మా?” అన్నాడు ఆమె మొగుడు, హాల్లో కంప్యూటరు ముందు కూర్చునే. “రోజూ పని నుంచి వచ్చి కళ్ళు మండేలా కూర్చున్నా. ఎక్కడా ఒక్క నత్తి వినపడకుండా చేశా. మెచ్చుకుంటుందనుకుంటే గడియ పెట్టుకుంది.”

“బాగానే చేశావురా” అన్నారు మావగారు చదువుతున్న పేపరు దించకుండానే. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. “నత్తితో పాటు పిల్లని కూడా తీసిపారేశావు.”

“నాన్నా!”

“మరేంటిరా? చెల్లెలు కథ చెబుతోందా, కోడిపెట్ట గింజలు ఏరుకుంటోందా? తల ఇటు ఎగురుతుంది, అటు ఎగురుతుంది. చూస్తుంటే నాకే మెడ పట్టేసింది.”

అదీ గొడవ. ఊరి అవతల ఒక బడిలో చిన్నపిల్లలకి కథలు చెప్పే టీచరు కావాలన్నారు. దరఖాస్తుతో పాటు, పిల్లలకి కథ చెబుతున్న చిన్న వీడియో ఒకటి పంపమన్నారు. గువ్వకి చిన్నప్పటి నుంచీ కావలసిన ఉద్యోగం ఈ భూప్రపంచం మీద అదొక్కటే. సెలవు రోజుల్లో ఈ బిల్డింగు పిల్లలందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి కథలు చెప్పడం ఆమెకి ఎప్పటి నుంచో ఉన్నదే. అలా చెబుతుండగా మావగారు ఫోనుతో తీశారు. మొగుడుగారు తన స్టూడియో నుంచి మైకు తెచ్చి చెల్లెలి కాలరుకి తగిలించారు. ఆ తర్వాత, “కత్తిరించే పని నాకొదిలెయ్యండి” అన్నారు.

వదిలేశారు. అతను స్టూడియోలో పెళ్ళి ఫోటోలు తీర్చిదిద్దుతాడు. మొటిమ ఉంటే తీసేస్తాడు, ముడత ఉంటే సాపు చేస్తాడు. వచ్చి పడ్డ మొహం ఎలాంటిదైనా అద్దంలా తుడిచి పంపడమే అతని వృత్తి. చెల్లెలి మాటల్ని కూడా అలాగే తుడిచేశాడు. ఇవాళ పొద్దున అందరినీ పిలిచి గర్వంగా చూపించాడు. గువ్వ చివరిదాకా చూసింది. లేచి వెళ్ళి గది తలుపు వేసుకుంది.

వీడియో పంపడానికి గడువు ఈ సాయంత్రమే.

“గువ్వా, పోనీ నీకేం నచ్చలేదో చెప్పవే” అన్నాడు అన్నయ్య తలుపు దగ్గరికి వెళ్ళి. “మారుస్తాను.”

తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది.

“అ... అన్నయ్యా, అందులో ఉన్నది నే... నే...”

“నేను కాదు అంటోంది” అన్నారు అత్తగారు.

“అమ్మా, దాన్ని చెప్పనీ!”

“నే... నేను కాదు. అది చూసి వాళ్ళు ర... రమ్మన్నారనుకో. వెళ్ళి వాళ్ళ ముందు కూర్చుని నోరు తె... తెరిచాక, వీడియోలో అమ్మాయి ఏదీ అని అడిగితే? ఏ... ఏం చెప్పను? మా అన్నయ్య కంప్యూటర్లో ఉం... ఉందని చెప్పనా?”

మావగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

“నేను పంపను” అంది గువ్వ. ఆ మాట మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చింది.

“చూశారా, ఎంత బాగా అందో!” అని నవ్వాడు మొగుడు, పరిస్థితిని తేలిక చేద్దామని.

ఆ నవ్వుతో కోడలికి ఒళ్ళు మండిపోయింది.

“నువ్వసలు కోసేముందు తనని ఒక్కసారైనా అడిగావా?”

అనేశాక గానీ తెలియలేదు. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు ‘నువ్వు’, గది దాటితే ‘మీరు’. పెళ్ళయిన నాటి నుంచి ఇద్దరూ రహస్యంగా నడుపుతున్న కట్టుబాటు అది. అత్తగారి కనుబొమలు పైకి లేచాయి. మావగారు గట్టిగా దగ్గారు. ఆ దగ్గులో నవ్వు దాక్కుని ఉందని ఎవరికైనా తెలుస్తుంది.

మొగుడి చెవులు ఎర్రబడ్డాయి. గదిలోకి వెళ్ళిపోయాడు. వెనకే ఆమె కూడా వెళ్ళింది.

“అందరి ముందూ అలా అరవాలా?”

“తప్పే. కానీ అడిగింది తప్పు కాదు.”

అతను మంచం అంచున కూర్చుని దిండు అంచు పీకుతున్నాడు. కోపం వస్తే దిండు పీకుతాడన్నమాట. మామూలు రోజైతే ఇదీ ముచ్చటే అయ్యేది.

“నీకు తెలీదు పిల్లా. అది మాట్లాడటం మొదలుపెడితే చాలు, అవతలివాడు గడియారం చూసుకుంటాడు. బేకరీలో రొట్టె అడగడానికి కూడా వేలు పెట్టి చూపిస్తుంది. వాళ్ళు మొదటిసారి చూసేటప్పుడైనా, దాన్ని మధ్యలో ఆపెయ్యకుండా చివరిదాకా చూడాలి కదా? అంతే నేననుకున్నది.”

అతని మాటలో అబద్ధం లేదు, ప్రేమకి కొదవ లేదు. అయినా గువ్వ తలుపు మూసే ఉంది.

“అసలు ఎలా తీశావు? ఆగిన ప్రతిచోటా నువ్వే కోశావా?”

“అంత ఓపిక ఎవడికుంది? అందులో ఒక బటను ఉంటుంది. నొక్కితే నిశ్శబ్దంగా ఉన్న చోటల్లా వెతికి అదే తీసేస్తుంది. దీని నత్తి అంటే చాలావరకు ఆగిపోవడమే కదా. మిగిలిన ముక్కలు నేను ఏరేశాను. ఆ తర్వాత మొహం దగ్గరికి లాగాను.”

“కోయని వీడియో ఉందా?”

“నాన్న ఫోనులో ఉంది. ఏం, నువ్వు చేస్తావా?” అన్నాడు వెటకారంగా. “మా స్టూడియో సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి నాకే ఏడాది పట్టింది.”

“మీ స్టూడియో సాఫ్ట్‌వేర్ నాకు అక్కర్లేదు. కూరగాయలు తరగడానికి రంపపు మిల్లు ఎందుకు?”

ఆమె మావగారిని వెంటబెట్టుకుని బాల్కనీలో చేరింది. కాలేజీలో నాటకాల క్లిప్పులు సరదాకి కోసి అతికించిన చెయ్యే. కానీ అప్పటి కంప్యూటరు స్నేహితురాలిది, ఇప్పుడున్నది తన ఫోనొక్కటే. మావగారి ఫోను నుంచి వీడియో అందులోకి తెచ్చుకుంది. ఉచితం అన్న సాఫ్ట్‌వేర్‌నల్లా దించుకుని చూడటం మొదలుపెట్టింది.

మొదటిది చూడచక్కగా ఉంది. ముందూ వెనకా కోసి దాచేసరికి, సరిగ్గా గువ్వ నుదుటి మీద తన కంపెనీ ముద్ర అడ్డంగా గుద్ది ఇచ్చింది.

“ఇదేంటమ్మాయ్, పోస్టాఫీసు పార్సిల్లా?” అన్నారు మావగారు.

రెండోది, వీడియో అంతా నెట్‌లోకి ఎక్కిస్తే తప్ప ముట్టుకోనంది. ఎక్కించడం మొదలైంది. చీమ కొండెక్కుతున్నట్టుంది.

“ఇది ఎక్కేసరికి గువ్వకి పింఛను వస్తుంది. దింపేయ్.”

మూడోది తెరవగానే చప్పట్లు, గుండె బొమ్మలు, మిణుగురులు, పిల్లి చెవులు. ఏది నొక్కబోయినా గువ్వ తల మీద పిల్లి చెవులు మొలుస్తున్నాయి. మావగారికి అదే నచ్చింది. అదే ఉంచేయమన్నారు. కోడలు కళ్ళు పెద్దవి చేసి చూస్తే, “సరే సరే, సరదాకన్నాను” అని తగ్గారు.

నాలుగోది చూస్తే అసలు ఇదేం చేస్తుందనిపించేంత ఖాళీగా ఉంది. మెరుపుల్లేవు, ముద్రల్లేవు. కింద వీడియో ఒక పట్టీలా పరుచుకుంది. ఒక కత్తెర బొమ్మ, ఒక అతికించే గుర్తు, శబ్దానికి ఒక గీత, పంపడానికి ఒక బాణం. అంతే.

“ఇంతేనా?” అన్నారు మావగారు.

“ఇంతకన్నా మనకేం కావాలి మావయ్యా? మొదట్లో మీ బొటనవేలు పడింది, అది కోయాలి. చివర్లో కెమెరా ఆపడం మర్చిపోయి మీ చెప్పులు తీశారు, అది కోయాలి. ఆ తర్వాత పంపాలి.”

“నా చెప్పులు అంత బాగోలేవా?”

ఆమె నవ్వుతూ వీడియో నడిపించింది. కోయని వీడియో ఆమె చూడటం ఇదే మొదలు. మొగుడి వీడియోలో మొహం ఒక్కటే ఉంది. ఇందులో గువ్వ పై మెట్టు మీద కూర్చుని ఉంది. కింద మలుపు దాకా పిల్లల తలకాయల వెనకభాగాలు, పిలకలు, గుండ్లు, ఒక ఊలు టోపీ.

దారి తప్పిన ఒక చిన్న మబ్బు కథ. మబ్బు ఒక ఇంట్లో దాక్కోవాలి.

“అప్పుడా మబ్బు ఎక్కడ దాక్కుందంటే, ఒక గొ... గొ... గొ...”

గువ్వ ఆగిపోయింది. పెదవులు బిగిశాయి. ఆగింది, ఇంకా ఆగింది. కోడలి వేలు తనకు తెలియకుండానే కత్తెర బొమ్మ మీదికి వెళ్ళింది.

అంతలో చూసింది. పిల్లల తలకాయలన్నీ ఒక్కసారి ముందుకు వంగాయి. టోపీ పిల్ల ఏకంగా లేచి నిలబడింది. ఏదో చప్పుడు కూడా ఉంది. చెవి దగ్గర దోమ పాడినంత సన్నగా.

ఆమె వేలు కత్తెర వదిలి శబ్దం గీతని పట్టుకుంది. పైకి జరిపింది. ఇంకా జరిపింది.

“గొడుగు!”

“గొట్టం! గొట్టంలో!”

“గొర్రె కింద అక్కా, గొర్రె కింద!”

“గొంగళిపురుగు!”

బాల్కనీ అంతా పిల్లల కేకలతో నిండిపోయింది. వీడియోలో గువ్వ మొహం విచ్చుకుంది. “గొ... గొంగళిపురుగు కిందే దాక్కుంది! ఎవరమ్మా చెప్పింది? నువ్వేనా? అంత పెద్ద మబ్బు అంత చిన్న పురుగు కింద ఎలా ప... ప...” “పట్టింది!” అని మెట్లన్నీ ఒక్క గొంతుతో అరిచాయి.

మావగారు ఫోను తన వైపు తిప్పుకున్నారు. “నేను పక్కనే ఉండి తీశానమ్మాయ్. పిల్లలు అల్లరి చేస్తున్నారనుకున్నా. నోరు మూసుకోండర్రా అని రెండుసార్లు గదిమాను కూడా.”

“ఏమండీ!” ఆమె లోపలికి పరిగెత్తింది. “ఏమండీ, వినండి! మీరు తీసేసింది ఏమిటో వినండి!”

దిండు వదిలి అతను లేచాడు. ఆమె ఫోను అతని చెవి దగ్గర పెట్టింది. గొడుగు, గొట్టం, గొర్రె, గొంగళిపురుగు. అతను ఒకసారి విన్నాడు. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు.

“మైకు దాని కాలరుకే ఉంది” అన్నాడు నెమ్మదిగా. “పిల్లలు దూరంగా, కింద ఉన్నారు. చప్పుడు సరిపోలేదు.”

“అంటే?”

“అంటే ఆ బటను పిల్లల్ని కూడా నిశ్శబ్దం అనుకుంది.” అతను మంచం మీద కూలబడ్డాడు. “ఒక్కరిని కూడా మిగల్చలేదు పిల్లా. కథ వినేవాళ్ళందరినీ తీసేసి దాన్ని ఒక్కదాన్నే వదిలాను.”

ఆమెకి అప్పటిదాకా దాచుకున్న కోపమంతా నీరుకారిపోయింది. అతని జుట్టులో వేళ్ళు పెట్టి చెరిపేద్దామనుకుంది. కానీ అప్పుడే గడియ తీసిన చప్పుడయింది.

గువ్వ గుమ్మంలో ఉంది. ముక్కు ఎర్రగా ఉంది.

“వ... వదినా, వాళ్ళు వినిపిస్తున్నారా?”

“గోడలు పగిలేలా వినిపిస్తున్నారు. ఇలా రా.”

గువ్వ వచ్చింది కానీ ఫోను వంక చూడలేదు. “వాళ్ళు అరవడం తె... తెలుసు నాకు. ఎప్పుడూ అంతే. కానీ అది నా లోపమే కదా. కథ చెప్పాల్సింది టీచరు. టీ... టీచరు ఆగితే పిల్లలు నడిపిస్తున్నారంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది?”

“అదేంటే” అన్నారు అత్తగారు ఫోనులోకి తొంగిచూస్తూ, టీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. “ఇన్నేళ్ళుగా నేనూ నీకు మాట అందిస్తూనే ఉన్నానుగా! నేను అందిస్తే కస్సుమంటావు. వాళ్ళు అందిస్తే మొహం చూడు, చింకి చాటంత చేసుకున్నావు!”

గువ్వ తల్లి వైపు తిరిగింది. ఏం చెప్పాలో వెతుక్కుంటున్నట్టు చాలాసేపు ఆగింది.

“నువ్వు లా... లాక్కుంటావమ్మా. వాళ్ళు వె... వెతుకుతారు.”

అత్తగారు ఏదో అనబోయారు. అనలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నారు.

మావగారే మాట కలిపారు. “లిఫ్టు ఆగిపోతే లోపలివాళ్ళందరూ మొదటిసారి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారర్రా. అప్పటిదాకా ఎవరి గోడ వాళ్ళది.”

“మీ లిఫ్టు గోల ఆపండి” అన్నారు అత్తగారు. కానీ కళ్ళు తుడుచుకుంటూ అన్నారు.

అందరూ ఫోను చుట్టూ చేరారు. ఆ చిన్న తెర ముందు ఐదుగురి తలకాయలు పట్టే జాగా లేదు గానీ, ఎవరూ జరగలేదు. ఆడపడుచు చేతికే ఫోను ఇచ్చింది కోడలు. “నువ్వే కొయ్యి. ఎక్కడ కోయాలో నీకే తెలుసు.”

“ఆ... ఆగినవన్నీ ఉంచుదాం” అంటూ గువ్వ బొటనవేలు కోసింది. చెప్పులు కోసింది. మావగారు చెప్పులకి వీడ్కోలు చెప్పారు.

“ఆ పిల్లలు అరిచే చోట నీ గొంతు కొంచెం తగ్గించి, వాళ్ళది...” అని మొదలుపెట్టాడు అన్నయ్య.

అందరూ అతని వంక చూశారు.

“ఏం లేదు. ఏం లేదు. చేతులు కట్టుకుని కూర్చున్నా, చూడండి.”

గువ్వ మధ్యలో ఒకచోట ఆపింది. అక్కడ తను పైకి చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. పిల్లలు కూడా ఏమీ అనట్లేదు. ఆమె కత్తెర నొక్కి ఆ ముక్క తీసేసింది.

“అదెందుకు తీశావు?” అన్నాడు అన్నయ్య ఆత్రంగా. “ఆగినవన్నీ ఉంచుదామన్నావుగా?”

“అది నత్తి కాదన్నయ్యా. అక్కడ ని... నిజంగానే కథ మర్చిపోయా.”

ముందు నవ్వింది మావగారు. తర్వాత అందరూ. పొద్దుటి నుంచి బిగిసి ఉన్న ఇల్లంతా ఒక్కసారి నడుం వాల్చినట్టయింది. నవ్వుతూ నవ్వుతూనే గువ్వ బాణం గుర్తు నొక్కింది. గడువు ఇంకా దాటలేదు. వీడియో వెళ్ళిపోయింది.

అత్తగారు మళ్ళీ టీ పెట్టారు. ఈసారి అందరికీ. కోడలు గ్లాసులు అందుకోవడానికి వంటింట్లోకి వెళితే వెనకే మొగుడు వచ్చాడు.

“నీ ఫోను సాఫ్ట్‌వేర్ ముందు మా స్టూడియో సాఫ్ట్‌వేర్ ఓడిపోయింది. ఒప్పుకుంటున్నా.”

“ఓడింది సాఫ్ట్‌వేర్ కాదులే.”

“తెలుసు.” అతను ఆమె భుజం మీద గడ్డం ఆనించాడు. “ఇంకా కోపమా?”

“గ్లాసు పట్టుకో. కాలుతోంది.”

“నువ్వా, మీరా?”

“ఎవరైనా సరే, ముందు గ్లాసు పట్టుకోండి” అన్నారు స్టౌ దగ్గర నుంచి అత్తగారు, అటు తిరిగే. ఇద్దరూ దొంగల్లా విడిపోయారు. కోడలికి నవ్వాగక రెండు గ్లాసుల టీ తొణికింది. ఆ తొణకడం కూడా ఆమెకి బాగుంది. ఈ పూట ఈ ఇంట్లో ఏం జరిగినా బాగుంటుందనిపించింది.

టీలు అయ్యి, పొద్దు వాలుతుండగా గువ్వ ఫోను మోగింది. బడి నుంచి మెసేజి.

గువ్వ చూసి ఫోను వదినకి అందించింది. “నువ్వు చ... చదువు.”

కోడలు పైకి చదివింది. “‘మీ వీడియో మా టీచర్లందరం చూశాం. సోమవారం రండి. ఈలోగా ఒక్క ప్రశ్న. మీరు మాట కోసం ఆగినప్పుడు, పిల్లలెవ్వరూ ఆ మాట అందించకపోతే ఏం చేస్తారు? వీలైతే ఇది కూడా వీడియోలోనే చెప్పండి.’”

గది చల్లబడింది. కోడలు ఆ వాక్యాన్ని మనసులో మళ్ళీ చదువుకుంది. జవాబు ఆమెకి తెలియదు. మొగుడి మొహం చూసింది. అతనికీ తెలియదు. ఇంతసేపూ అందరూ కలిసి పండగ చేసుకున్న చోటే వాళ్ళు వేలు పెట్టారు.

“ఏదైనా మంచిగా రాసి ఇస్తాను, చూసి చదివెయ్” అన్నాడు అన్నయ్య.

“ఎందుకు అడుగుతున్నారో ఏమిటో” అన్నారు మావగారు. “వద్దనడానికి సాకేమో.”

గువ్వ మాత్రం ఫోను వంకే చూస్తోంది. మెల్లగా ఆమె పెదవుల మీద నవ్వు లాంటిది మెదిలింది.

“ఇంతవరకూ న... నన్ను ఎవరూ అడగలేదు ఇది” అంది. “అందరూ ఎందుకు ఆగుతావనే అడిగారు. ఆ... ఆగాక ఏం చేస్తావని ఒక్కరూ అడగలేదు.”

కుర్చీ లాక్కుని కిటికీ వెలుగుకి ఎదురుగా కూర్చుంది. వేళ్ళతో జుట్టు వెనక్కి తోసుకుంది.

“వదినా, ఫోను ప... పట్టుకో. కోయకుండా పంపేద్దాం.”

కోడలు ఫోను ఎత్తింది. తెర మీద ఎర్ర చుక్క వెలిగింది. గువ్వ సూటిగా చూసింది, ఊపిరి పీల్చుకుంది.

“ఎవరూ అందించకపోతే, నేను...”

అంటూ ఆగింది. అత్తగారి పెదవులు కదిలాయి గానీ, ఈసారి మాట అందించలేదు.